అప్పు పద్దులో రాజనీతిశాస్త్రం

"ఒరే అబ్బాయ్, ఈ రాజకీయాల చదువు అప్పెప్పుడు తీరుస్తదిరా?"

ఎం.ఏ. పొలిటికల్ సైన్స్‌లో సీటు వచ్చిన రోజు మా అమ్మ అడిగిన మాట ఇది. నూటికి మూడు రూపాయల వడ్డీకి ముప్పయివేలు తెచ్చి, ప్రోనోటు మీద వేలిముద్ర వేసొచ్చి అడిగింది. నేను బదులు చెప్పలేకపోయాను. రాజ్యం గురించి రెండేళ్లు పాఠాలు విన్నాక కూడా చెప్పలేకపోయాను.

అమ్మ ప్రశ్ననే ఇవాళ ప్రభుత్వాలూ బ్యాంకులూ లెక్కగా మార్చి అడుగుతున్నాయి. అమెరికా విద్యాశాఖ 2013లో కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే పట్టిక తెచ్చింది. ఏ కాలేజీలో చదివితే ఎంత అప్పవుతుంది, బయటికొచ్చాక ఎంత సంపాదన ఉంటుంది అన్నది అందులో చూసుకోవచ్చు. తర్వాత కోర్సులవారీగా కూడా ఈ లెక్క ఇచ్చారు. మన దగ్గర అంత పద్ధతిగా పట్టిక లేకపోయినా ఆ తక్కెడ ప్రతి ఇంట్లో ఉంది. ఒక పళ్లెంలో ఇంజనీరింగ్, ఇంకో పళ్లెంలో బి.ఏ.

చదువును డబ్బుతో తూచడమేమిటని కోప్పడే మేధావులు మనకు తక్కువేం కాదు. చదువు జ్ఞానం కోసమట, ఉద్యోగం కోసం కాదట. వినడానికి బాగుంది. ఈ మాట అంటున్నవాళ్లకు తాత ఇచ్చిన పొలముంది, నాన్న కట్టిన ఇల్లుంది. డబ్బు గురించి మాట్లాడకుండా బతకగలగడం కూడా ఒక ఆస్తే. ఆ ఆస్తి మా అమ్మకు లేదు. కాబట్టి ఆమె ప్రశ్న మార్కెట్ నేర్పిన ప్రశ్న కాదు, ప్రోనోటు నేర్పిన ప్రశ్న. దాన్ని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు.

నా అభ్యంతరం ప్రశ్న మీద కాదు, తక్కెడ మీద. ఒకే డిగ్రీకి అందరి చేతిలో ఒకే ధర పలుకుతుందని ఈ తక్కెడ నమ్ముతుంది. మన దేశంలో అది అబద్ధం. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం చూడండి. ఒకే రకం అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి, ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. అగ్రకులపు పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులే. అమెరికాలోనూ ఇంతే. బ్రూకింగ్స్ సంస్థ 2016లో ఇచ్చిన లెక్క ప్రకారం డిగ్రీ అందుకునేనాటికి నల్లజాతి విద్యార్థి అప్పు తెల్లవాడి అప్పు కన్నా సగటున 7,400 డాలర్లు ఎక్కువ. నాలుగేళ్లు గడిచేసరికి ఆ తేడా మూడింతలు దాటుతోంది. సగటు సంపాదన, సగటు అప్పు అని రాసినప్పుడు ఈ తేడా అంతా ఆ సగటు కింద పూడిపోతుంది.

దీనికి అంబేద్కర్ కన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. 1913లో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరింది రాజనీతిశాస్త్ర విభాగం కిందనే. బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌన్ల స్కాలర్‌షిప్ ఇచ్చి, చదువయ్యాక పదేళ్లు కొలువు చెయ్యాలని ఒప్పందం రాయించుకుంది. 1917లో ఆ కొలువు కోసం బరోడా వెళితే కొలంబియా ఎం.ఏ.కి ఆ ఊళ్లో అద్దెగది కూడా దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని సత్రంలో తలదాచుకుంటే పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. తర్వాత బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరైతే, అధ్యాపకుల కుండలో నీళ్లు తాగొద్దని తోటివాళ్లే గొడవ చేశారు. ఆ జీతంలో మిగుల్చుకున్న డబ్బూ, కొల్హాపూర్ సాహూ మహారాజు సాయమూ, నావల్ భథేనా అనే మిత్రుడి దగ్గర తీసుకున్న అప్పూ కలిపి 1920లో మళ్లీ లండన్ వెళ్లాడు. ఈ పద్దును ఏ స్కోర్‌కార్డ్‌లో ఎక్కిస్తారు?

ఇక్కడ మనల్ని మనం కూడా విమర్శించుకోవాలి. "బాబాసాహెబ్ అప్పుచేసి చదవలేదా, నువ్వూ చదువు" అని మన సభల్లో చెప్పేస్తుంటాం. చప్పట్లు పడతాయి. వడ్డీ ఎవరు కట్టాలో మాత్రం చెప్పం. మా ఇంట్లో మా తమ్ముడు కట్టాడు. వాడు ఇంటర్ మధ్యలో మానేసి సెంట్రింగ్ పనికి పోయాడు. అమ్మ మిరప కోతల కూలీ, వాడి కూలీ కలిపితే ఆరేళ్లకు నోటు తీరింది. నేను పీరియడ్ లెక్కన పాఠం చెప్పే గెస్ట్ లెక్చరర్‌ని. సెలవులొస్తే పైసా రాదు. నా డిగ్రీ ఖరీదులో తమ్ముడి ఇంటర్ కూడా ఉంది. మార్కెట్ తక్కెడ దాన్ని తూచదు సరే, మన ఉపన్యాసమూ తూచలేదు.

మరి తూచాల్సిన పద్దు ఏది? ఎవరు ఎవరికి బాకీ అన్నది ముందు తేల్చాలి. అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్న కాలంలో, 1944లో మొదలైన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ దానం కాదు, బాకీలో మొదటి కిస్తీ. ఆ కిస్తీ ఏనాడూ వేళకు రాలేదు. విద్యారుణాల మీద 2009లో తెచ్చిన వడ్డీ రాయితీని సాంకేతిక, వృత్తివిద్యా కోర్సులకే పరిమితం చేశారు. రాజ్యాన్ని గురించి చదివేవాడికి రాజ్యం వడ్డీ తగ్గించలేదన్నమాట! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల వేలమంది మనవాళ్లు కాలేజీ మెట్లెక్కిన మాట నిజం. ప్రభుత్వం డబ్బు ఆపితే కాలేజీ సర్టిఫికెట్లు ఆపుతుందన్నదీ అంతే నిజం. 2016 జనవరి 17న చనిపోతూ రోహిత్ వేముల రాసిన ఉత్తరంలో రెండు అంకెలున్నాయి. తనకు రావలసిన ఏడునెలల ఫెలోషిప్ లక్షా డెబ్బయ్ అయిదువేలు. తను మిత్రుడికి ఇవ్వాల్సింది నలభైవేలు. ఎవరు బాకీదారో ఆ రెండు అంకెలే చెబుతున్నాయి.

కనుక పొలిటికల్ సైన్స్ చదవొద్దని నేను చెప్పను. మా పల్లెలో అసైన్డ్ భూమికి నోటీసు వచ్చినప్పుడు 1977 చట్టం తీసి చదివి అర్జీ రాయడానికి పనికొచ్చింది ఆ చదువే. కానీ అప్పు చేసి చదవమని కూడా చెప్పను. స్కాలర్‌షిప్ నెలనెలా విద్యార్థి చేతికి రావాలి. వడ్డీ రాయితీ అన్ని కోర్సులకూ ఉండాలి. ఖాళీ పోస్టుల్ని గెస్టులతో నెట్టుకురాకుండా రిజర్వేషన్‌తో నింపాలి. విద్యార్థి సంఘాలు విగ్రహానికి దండ వేసినంత శ్రద్ధగా ఈ పద్దు అడగాలి.

అమ్మ ఇప్పుడు ఆ ప్రశ్న అడగడం లేదు. ఈ ఏడు తమ్ముడి కూతురు ఇంటర్‌లో చేరింది. సివిక్స్ ఇష్టమంటోంది. వాడు నా వంక చూశాడు, ఏమీ అనలేదు.