మెట్రో దూరంలో మాస్టర్లు

మధురానగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే రవీంద్రభారతికి నడిచి వెళ్లిపోవచ్చు. నాటకానికో, సన్మాన సభకో ఫిల్మ్‌నగర్ వాళ్లు అక్కడికి వెళ్తూనే ఉంటారు. ఆ భవనానికి రూపమిచ్చిన మహమ్మద్ ఫయాజుద్దీన్ పేరు మాత్రం చాలామందికి తెలియదు.

ఆర్కిటెక్టులు కొరియా, దోషిల సంగతీ అంతే. చార్లెస్ కొరియా డ్రాయింగులతో 2013లో లండన్‌లో ప్రదర్శన జరిగింది. బాలకృష్ణ దోషి పనిని 2019లో జర్మనీలోని విత్రా డిజైన్ మ్యూజియం చూపించింది. 1951 నుంచి కొన్నేళ్లు పారిస్‌లో లె కార్బుజియే దగ్గర పనిచేసిన మనిషాయన. ఈ ఇద్దరి కట్టడాలూ మన ఈసీఐఎల్‌లోనే ఉన్నాయి: 1960లలో కట్టిన కార్యాలయం కొరియాది, ఉద్యోగుల టౌన్‌షిప్ దోషిది. క్రాస్‌రోడ్స్‌లో రోజూ బస్సు దిగేవాళ్లకు ఈ మాట ఎవరు చెప్పారు?

హైదరాబాదు డబ్బుతో లేచిన ఆధునిక భవనం ఇంకొకటి పాండిచ్చేరిలో ఉంది. దివాన్ సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం అరవిందాశ్రమానికి విరాళం ఇచ్చింది. ఆ డబ్బుతో కట్టిన వసతి గృహానికి అందుకే గోల్కొండ పేరు వచ్చింది. టోక్యోలో ఫ్రాంక్ లాయిడ్ రైట్‌తో పనిచేసిన ఆంటోనిన్ రేమండ్ దాన్ని డిజైన్ చేశారు. 1937లో పని మొదలైంది. అక్కడే ఉండి కట్టించినవారిలో జార్జ్ నకషిమా ఒకరు, తర్వాత అమెరికాలో చెక్క సామానుకు పేరుపొందిన కళాకారుడు. గదులకు మామూలు కిటికీలు ఉండవు. గోడ పొడవునా తిరిగే పలకలుంటాయి. వాటిని తిప్పితే గాలి లోపలికి వస్తుంది, ఎండ బయటే ఆగిపోతుంది. కాంక్రీటు అంటే ఉక్కపోత అనుకునేవాళ్లు ఆ పలకలను ఒక్కసారి తిప్పి చూడాలి. ఫొటో ఎంత బాగున్నా ఆ గాలిని చూపించలేదు.

కట్టడం పోతే ఫొటోలే దిక్కు. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో ఆర్కిటెక్టు రాజ్ రేవల్, ఇంజనీరు మహేంద్ర రాజ్ కలిసి కట్టిన హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017లో కూల్చేశారు. 2022లో న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం దక్షిణాసియా ఆధునిక వాస్తుకళపై పెట్టిన ప్రదర్శనలో దానికి చోటు దొరికింది. అప్పటికి ఢిల్లీలో ఆ భవనమే లేదు.

హైదరాబాదులో అలాంటి ప్రదర్శన పెడితే రవీంద్రభారతి వరండాలోనే పెట్టాలి. ఫయాజుద్దీన్ పేరు అందరికీ కనబడేలా రాయాలి. ఈసీఐఎల్ కార్యాలయంలోకి అందరినీ రానివ్వరు గనుక, అనుమతి తీసుకుని ఒక ఆదివారం టౌన్‌షిప్ వీధుల్లో నడక ఏర్పాటు చేయాలి. ఎండాకాలంలో, మధ్యాహ్నం రెండింటికి.