గోడ క్యాలెండర్‌లో అక్షరం కొలత

తెలుగు ఇళ్లలో గోడకు వేలాడే నెలవారీ క్యాలెండర్ తేదీల పట్టికనూ పంచాంగాన్నీ ఒకే కాగితం మీద మోస్తుంది కనుక దానిని రెండు దూరాల నుంచి చదువుతారు. తేదీని, వారాన్ని కూర్చున్నచోటి నుంచే చూస్తారు; తిథి ఎంతవరకు ఉన్నదో, వర్జ్యం ఎప్పుడు మొదలవుతుందో తెలుసుకోవడానికి లేచి వెళ్లి, గోడ దగ్గర నిలబడి, గడిలోని సన్నని అక్షరాలను పరిశీలిస్తారు. అక్షర పరిమాణానికి సంబంధించిన నిర్ణయాలన్నీ ఈ రెండు దూరాల నుంచే పుట్టాలి. అంకెను కొంత తగ్గించి, కింది పంక్తులను కొంత పెంచి, అన్నింటినీ మధ్యస్థంగా ఉంచిన క్యాలెండర్ దూరానికీ దగ్గరకూ పనికిరాదు.

చూపు పరీక్షలో వాడే కొలత ఇక్కడ ఆధారమవుతుంది. మంచి చూపున్న కన్ను గుర్తించగల అతి చిన్న అక్షరం 3 మీటర్ల దూరంలో సుమారు 4.4 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. అది గుర్తింపుకు హద్దే గాని హాయిగా చదవడానికి చాలదు కాబట్టి దానికి మూడు రెట్లు ఉంచడం మంచిది. అచ్చుపనిలో అక్షరాన్ని పాయింట్లలో కొలుస్తారు. అంగుళానికి 72 పాయింట్లు. ఈ లెక్కలో అక్షరానికి పైనా కిందా వదిలే చోటు కూడా కలిసి ఉంటుంది కనుక 72 పాయింట్ల అంకె అచ్చులో దాదాపు 18 మిల్లీమీటర్లే ఉంటుంది. 4 మీటర్ల వరకు అది ఇబ్బంది లేకుండా అందుతుంది. 12 పాయింట్ల తెలుగులో ఒత్తులను, గుణింతపు గుర్తులను మినహాయిస్తే మూలాక్షరం 2 మిల్లీమీటర్లకు లోపే ఉండి, 40 సెంటీమీటర్ల దూరానికి మాత్రమే సరిపోతుంది. ఇంట్లో పంచాంగం చూసేవారు తరచు చత్వారం వచ్చిన పెద్దలే కనుక అంతకంటె తగ్గడం వారికి అన్యాయం చేయడమే.

పంక్తుల మధ్య ఎడం విషయంలో తెలుగు లిపి అడిగేది ఎక్కువ. గుడులు, ఏత్వాలు పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. ‘జ్యేష్ఠ’ కింద ‘రోహిణి’ అని వేసి చూస్తే, 12 పాయింట్ల అక్షరానికి 14 పాయింట్ల ఎడం ఇచ్చినప్పుడు పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడికి తగలబోతుంది. 18 ఇస్తే రెండూ ఊపిరి పీల్చుకుంటాయి. గడి వెడల్పును తేల్చడానికి ‘ఉత్తరాభాద్ర’ వంటి పొడవైన నక్షత్రం పేరును, దాని ముగింపు వేళతో సహా, ఒకే పంక్తిలో అమర్చి చూడాలి.

అచ్చువారు క్రౌన్ అనే 15×20 అంగుళాల కాగితంలో శీర్షికకు, అంచులకు పోగా గడి సుమారు రెండున్నర అంగుళాల వెడల్పు, రెండు అంగుళాల ఎత్తు వస్తుంది. పెద్ద అంకె కింద నాలుగు పంక్తులు పడతాయి. ఈ లెక్క కుదరడానికి వారాలను ఎడమవైపు ఒకదాని కింద ఒకటిగా పేర్చి, తేదీలను నిలువుగా దింపే సంప్రదాయమే కారణం. 1973లో జయంత సాల్గావ్‌కర్ మరాఠీలో ప్రారంభించగా తరువాత తెలుగులోనూ వెలువడిన కాలనిర్ణయ్‌లోనూ ఇదే అమరిక కనిపిస్తుంది. దీని అసలు మేలు పంచాంగపు తర్కంలో ఉంది. వాడుకలో రాహుకాలం వారాన్ని బట్టి స్థిరంగా ఉంటుంది: సోమవారం 7.30 నుంచి 9, శుక్రవారం 10.30 నుంచి 12. కాబట్టి దానిని వారం పేరు కింద ఒక్కసారి వేస్తే ఆ అడ్డువరుస మొత్తానికీ వర్తిస్తుంది, యమగండమూ అంతే. ముప్పై గడుల్లో తిరిగి తిరిగి వేయవలసిన పంక్తులు ఆ విధంగా తప్పిపోతాయి. నక్షత్రాన్ని బట్టి మారే వర్జ్యానికి, అంటే శుభకార్యాలకు విడిచిపెట్టే సుమారు గంటన్నర కాలానికి, గడిలోనే చోటు దక్కుతుంది. 31 రోజుల నెల శుక్ర, శనివారాల్లో మొదలైనా, 30 రోజుల నెల శనివారం మొదలైనా ఆరో నిలువు వరుస అవసరపడుతుంది. మిగిలిన తేదీలను మొదటి వరుసలోని ఖాళీ గడుల్లోకి ఎక్కించడం క్రమానికి కొంత భంగమే అయినా, గడులన్నింటినీ ఇరుకు చేయడం కంటె మేలు, ఆ గడులకు లేత రంగు వేస్తే తికమక తగ్గుతుంది.

తిథి అంటే చంద్రుడు సూర్యుని నుంచి 12 డిగ్రీలు జరిగే కాలం. అది సుమారు 20 నుంచి 27 గంటల మధ్య మారుతూ ఉండడం వల్ల ఒక్కొక్క రోజు రెండు తిథులు ముగుస్తాయి, ఆ రోజు గడిలో మరో పంక్తికి ముందే చోటు ఉంచాలి. పంచాంగపు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కనుక ‘తె.’ అని సూచించే తెల్లవారుజాము వేళ ముందు తేదీ గడిలోనే పడుతుంది. ఈ సంగతిని పుట అడుగున ఒక వాక్యంలో చెప్పడం అవసరం.

ఆఫ్‌సెట్ అచ్చులో ఎరుపు సాధారణంగా పసుపు, మెజెంటా సిరాల కలయికతో వస్తుంది, రెండు పొరలు వెంట్రుకవాసి తప్పినా చిన్న అక్షరం మసకబారుతుంది. అందువల్ల ఆదివారాలకు, పండుగలకు వాడే ఎరుపును పెద్ద అంకెకే పరిమితం చేసి, పంచాంగపు పంక్తులను ఒక్క నలుపుతోనే వేయాలి.

కంప్యూటర్ తెర మీద పుట ఎంత పెద్దదిగానైనా కనిపిస్తుంది కనుక తుది పరీక్ష నిజ పరిమాణపు ప్రతితోనే, సాయంకాలపు దీపకాంతిలో, గోడమీదనే జరగాలి. అప్పుడు ‘ధనిష్ఠ’లోని ఒత్తు పూడుకుపోయినట్లు కనిపిస్తే సిరాను, కాగితాన్ని సరిచూసుకోవాలి, పంక్తులు ఇరుకైతే అక్షరాన్ని చిన్నది చేయడానికి బదులు, రోజువారీ పనికి తక్కువగా అక్కరకువచ్చే యోగకరణాల పంక్తిని తొలగించాలి.