రెండవ వృత్తిగా చలనచిత్రం: ‘తిలదానం’, ‘కేరాఫ్ కంచరపాలెం’ చిత్రాలలో పని, వయసు, స్వతంత్రత

వ్యాససంగ్రహం:

మరొక వృత్తిలో స్థిరపడిన తరువాత స్వతంత్ర చలనచిత్ర నిర్మాణంలోకి వచ్చినవారి గురించి మాట్లాడేటప్పుడు వారి సాహసాన్ని కొనియాడడం పరిపాటి. వారి మొదటి వృత్తి చిత్రంలో ఏ రూపంలో మిగిలి ఉందన్న ప్రశ్న అరుదుగా ఎదురవుతుంది. పాత్రికేయ వృత్తి నుండి దర్శకత్వానికి వచ్చిన కె.ఎన్.టి. శాస్త్రి ‘తిలదానం’, హృద్రోగ వైద్యురాలైన ప్రవీణ పరుచూరి నిర్మించిన ‘కేరాఫ్ కంచరపాలెం’ చిత్రాలను ఆధారం చేసుకొని ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. ఈ రెండు చిత్రాలలోనూ మనిషి చేసే పని కథకు అలంకారంగా కాక ఆధారంగా నిలిచిందని, అదే సమయంలో నడివయసులో దారి మార్చుకొనే స్వేచ్ఛ అందరికీ సమానంగా లేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్వతంత్ర చలనచిత్రం, నడివయసు, వృత్తి మార్పు, తిలదానం, కేరాఫ్ కంచరపాలెం, శ్రమ చిత్రణ.

1. ఉపోద్ఘాతం

ఉద్యోగం విడిచి సినిమా తీసిన వ్యక్తి గురించి మనం చెప్పుకొనే కథ ఒకే మూసలో ఉంటుంది. మంచి జీతం, స్థిరమైన సంసారం, లోలోపల తీరని కోరిక, ఒకనాడు రాజీనామా, చివరకు ఒక చిత్రం. ఈ కథలో మొదటి వృత్తి తెంచుకోవలసిన సంకెల మాత్రమే. చిత్రం వెలువడిన తరువాత దాని ప్రసక్తి ఉండదు. పరిచయ వ్యాసాలు, ముఖాముఖులు ఈ మూసను పదేపదే వాడుకున్నాయి. విమర్శ కూడా దానినే స్వీకరిస్తే రెండు విషయాలు మరుగున పడతాయి. ఒకటి, ఆ చిత్రానికి కావలసిన ధనం, ధైర్యం ఎక్కడి నుండి వచ్చాయన్నది. రెండు, ఇరవై ముప్పై ఏళ్ళు మరొక పని చేసిన మనిషి లోకాన్ని చూసే తీరు తెర మీద ఎలా కనిపిస్తుందన్నది. ఈ రెండింటినీ కలిపి చూడడమే ఈ వ్యాస లక్ష్యం.

2. మొదటి వృత్తి: మూలధనం, చూపు

భారతీయ స్వతంత్ర చిత్రాలలో తరచుగా స్మరించే ‘పథేర్ పాంచాలి’ ఈ విషయంలో మంచి ఉదాహరణ. సత్యజిత్ రాయ్ 1943 నుండి కలకత్తాలోని డి.జె. కీమర్ ప్రకటనల సంస్థలో చిత్రకారుడిగా పనిచేశారు. ఆదివారాలలో, సెలవు దినాలలో చిత్రీకరణ సాగించారు. జీవిత బీమా పత్రాన్ని, భార్య నగలను తాకట్టు పెట్టారు. చివరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ ధనసాయంతో 1955లో ఆ చిత్రం పూర్తయింది. అంతవరకూ ఆయన ఉద్యోగం వదలలేదు. సంకెల అనుకొన్న ఉద్యోగమే చిత్రాన్ని నిలబెట్టిన స్తంభం.

హైదరాబాదుకు సంబంధించిన రెండు ఉదాహరణలు కూడా ఇదే చెబుతాయి. కెమికల్ ఇంజనీరింగ్ చదివి అమెరికాలో ఉద్యోగం చేసిన నగేష్ కుకునూర్ తన సంపాదనతో దాదాపు 17 లక్షల రూపాయల వ్యయంలో ‘హైదరాబాద్ బ్లూస్’ (1998) తీశారు. ఇంజనీరింగ్ నేపథ్యం నుండి వచ్చిన శేఖర్ కమ్ముల ‘డాలర్ డ్రీమ్స్’ తో ఉత్తమ తొలిచిత్ర దర్శకుడిగా ఇందిరాగాంధీ పురస్కారం పొందారు. మొదటిది అమెరికా నుండి తిరిగి వచ్చిన యువకుడి కథ. రెండవది అమెరికా వెళ్ళాలనుకొనే యువకుల కథ. తాము నడిచిన దారినే ఇద్దరూ తొలి చిత్రానికి వస్తువుగా ఎంచుకొన్నారు.

అయితే ఇవి యౌవనంలో జరిగిన మార్పులు. ముప్పై ఏళ్ళ వయసులో చిత్రం విఫలమైతే పాత ఉద్యోగానికి తిరిగి వెళ్ళే వ్యవధి ఉంటుంది. యాభైలో ఆ వ్యవధి ఉండదు. అందువల్ల నడివయసు ప్రవేశాన్ని వేరుగా పరిశీలించవలసి ఉంది.

3. విమర్శకుడు దర్శకుడైనప్పుడు: ‘తిలదానం’

కె.ఎన్.టి. శాస్త్రి దీర్ఘకాలం పాత్రికేయుడిగా, సినీ విమర్శకుడిగా పనిచేశారు. సురభి నాటక సమాజంపై డాక్యుమెంటరీ తీశారు. కథాచిత్ర దర్శకుడిగా ‘తిలదానం’ రూపొందించే నాటికి ఆయన యాభైల నడుమ ఉన్నారు. ఆ చిత్రానికి ఉత్తమ తొలిచిత్ర దర్శకుడి జాతీయ పురస్కారం లభించింది. ఇతరుల చిత్రాలను తూచిన వ్యక్తి తన చిత్రాన్ని తూకానికి పెట్టడం చిన్న విషయం కాదు. విఫలమైతే పోయేది డబ్బు మాత్రమే కాదు, అంతవరకూ రాసిన విమర్శకు ఉన్న విలువ కూడా.

రెంటాల నాగేశ్వరరావు కథ ఈ చిత్రానికి ఆధారం. పౌరోహిత్యంతో బతుకు వెళ్ళదీసే వృద్ధ తండ్రి, విప్లవోద్యమంలోకి వెళ్ళిన కొడుకు ఇందులో ప్రధాన పాత్రలు. తిలదానం పట్టినవాడికి దాత పాపం సంక్రమిస్తుందని నమ్మకం. అందువల్ల గతిలేనివారే దానికి చేయి చాస్తారు. ఆ దానం పట్టవలసిన స్థితికి తండ్రి చేరుకోవడమే చిత్రంలోని విషాదం.

ఈ వస్తువును సంప్రదాయానికీ విప్లవానికీ మధ్య సంఘర్షణగా వ్యాఖ్యానించవచ్చు. ఆ వ్యాఖ్యానం సరైనదే గాని చాలదు. చిత్రం నిలిచేది తండ్రి వృత్తి మీద. ఏ పిలుపు గౌరవమో, ఏ పిలుపు అవమానమో, ఏ దక్షిణతో ఎన్ని పూటలు గడుస్తాయో తెలిసిన మనిషి అతడు. మంత్రం అతనికి భక్తి మాత్రమే కాదు, కూలి కూడా. పౌరోహిత్యాన్ని హాస్యానికో పవిత్రతకో పరిమితం చేసిన మన వెండితెర మీద దానిని జీవనోపాధిగా చూపడం విశేషం. సంఘటనను తీర్పు చెప్పకుండా నమోదు చేసే పాత్రికేయుడి నిగ్రహం ఇక్కడ గమనించవచ్చు. నందితా దాస్ లంబాడా స్త్రీగా నటించిన తరువాతి చిత్రం ‘కమ్లి’ (2006) లోనూ శాస్త్రి దృష్టి కష్టజీవి బతుకు మీదనే నిలిచింది. దానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది.

4. నలభై తొమ్మిదేళ్ళ నాయకుడు: ‘కేరాఫ్ కంచరపాలెం’

2018 సెప్టెంబరులో విడుదలైన ‘కేరాఫ్ కంచరపాలెం’ దర్శకుడు వెంకటేష్ మహాకు తొలి చిత్రం. నిర్మాత ప్రవీణ పరుచూరి అమెరికాలో హృద్రోగ వైద్యురాలు. ఆమె సలీమా పాత్ర కూడా ధరించారు. తరువాత 2025లో ‘కొత్తపల్లిలో ఒకప్పుడు’ చిత్రంతో దర్శకురాలయ్యారు. పేరున్న నటులు లేకుండా, విశాఖపట్నంలోని కంచరపాలెం వాసులనే పెద్దసంఖ్యలో నటింపజేసి, ఆ ప్రాంతపు మాటనే ఉంచి తీసిన చిత్రమిది. విపణిలో అమ్ముడయ్యే ముఖం కోసం ఒత్తిడి చేయని పెట్టుబడి దీనికి అవసరమైంది. మరొక వృత్తి నుండి వచ్చిన నిర్మాత ఆ వెసులుబాటు కల్పించగలిగారు.

కథానాయకుడు రాజు వయసు 49. ప్రభుత్వ కార్యాలయంలో అటెండర్. అవివాహితుడు. అతని పెళ్ళి ఊరందరికీ చర్చనీయాంశం. ఆ కార్యాలయానికి అధికారిగా వచ్చిన ఒడిశా స్త్రీ రాధ వితంతువు, ఎదిగిన కూతురున్న తల్లి. వారి స్నేహానికి వయసు కన్న పెద్ద అడ్డంకి హోదా. ఫైలు మోసేవాడికీ సంతకం చేసే వ్యక్తికీ మధ్య ఉన్న దూరాన్ని చిత్రం పెద్ద సంభాషణలతో చెప్పదు. ఎవరు నిలబడతారు, ఎవరు కూర్చుంటారు అన్నదానితోనే చెబుతుంది. మిగిలిన మూడు ప్రేమకథలలోనూ పనికి ఇదే ప్రాధాన్యం ఉంది. సుందరం తండ్రి విగ్రహాలు చేసే మనిషి. గడ్డం మద్యం దుకాణంలో పనివాడు. అతడు సలీమాను తెలుసుకొనేది దుకాణం కిటికీ గుండా, ముసుగు వెనుక కనిపించే కళ్ళను చూసి.

సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు వేర్వేరు మనుషులు కారని, ఒకే జీవితంలోని నాలుగు దశలని చివర తెలుస్తుంది. దీనిని కథన చమత్కారంగా మెచ్చుకొన్నవారున్నారు. కాలసూచనలను అస్పష్టంగా ఉంచి ప్రేక్షకుణ్ణి తప్పుదారి పట్టించిందన్న అభ్యంతరానికీ ఆస్కారముంది. కాని నడివయసు దృష్టితో చూస్తే ఈ నిర్మాణానికి మరొక అర్థం ఉంది. యాభై ఏళ్ళ మనిషి కొత్తగా మొదలుపెట్టేటప్పుడు ఖాళీ పలకతో రాడు. పాత జీవితాలన్నీ వెంట వస్తాయి. పోగొట్టుకొన్నవాటి బరువు తెలిసినందువల్లనే రాజు రాధ చేయి అందుకోగలిగాడు. వృత్తి మార్పుకు కూడా ఇదే వర్తిస్తుంది. మొదటి వృత్తిని మరచినవాడి కన్న మోసుకొచ్చినవాడి చిత్రమే బలంగా ఉంటుంది.

5. చిత్రం చూడని పక్షం

ఈ చిత్రానికి ఒక పరిమితి ఉంది. రాజు ఎదుగుదలకు స్త్రీల జీవితాలు మెట్లయ్యాయి. సలీమా హత్యకు గురవుతుంది. భార్గవి తండ్రి ఒత్తిడికి తలవంచి మరొకరిని పెళ్ళాడుతుంది. వారి కథలు అతని జ్ఞాపకంగా మిగిలిపోతాయి. రెండవ జీవితం దక్కిన స్త్రీ రాధ ఒక్కతే. నిజానికి పణంగా పెట్టినది కూడా ఆమెయే. రాజుకు పోయేది ఊరివారి ఎగతాళి మాత్రమే. రాధకు ఉద్యోగ గౌరవం, బంధువుల ఆమోదం, తల్లిగా తన స్థానం అన్నీ తూకంలో ఉన్నాయి. కథ ఆమె వైపు నుండి నడిచి ఉంటే నడివయసు ప్రారంభానికి చెల్లించవలసిన వెల మరింత స్పష్టంగా కనిపించేది.

6. స్వతంత్రత ఎవరికి?

ఇక్కడొక ఇబ్బందికరమైన ప్రశ్న మిగులుతుంది. రాజు వంటి అటెండర్ 49 ఏళ్ళ వయసులో చలనచిత్రం తీయాలనుకొంటే తీయగలడా? నెల జీతం ఆగితే ఇల్లు ఆగే మనిషికి కొత్త దారి కల్పన మాత్రమే. నడివయసు సాహసాలుగా మనం కీర్తించేవి తరచుగా వృత్తి నిపుణుల సాహసాలు కావడానికి కారణం కోరికలో తేడా కాదు, పొదుపులో తేడా. కంచరపాలెం వాసులు తెర మీదకు రావడం గొప్ప విషయమే. అయినా ఏ కథ చెప్పాలో నిర్ణయించే స్థానం, తెర మీద కనిపించే స్థానం ఒకటి కావు.

నిర్మాణంలో దక్కిన స్వతంత్రత విడుదలలో నిలవకపోవడం మరొక అంశం. రానా దగ్గుబాటి సమర్పణ ఈ చిత్రాన్ని విస్తృత ప్రేక్షకులకు చేర్చింది. ఆ మద్దతు విలువైనదే. అయితే స్వతంత్ర చిత్రం కూడా థియేటరు గుమ్మం దగ్గర పెద్ద సంస్థ చేయూత కోరవలసి వచ్చిందన్న వాస్తవాన్ని అది రుజువు చేస్తుంది. 1960లో ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్, 1975లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ ఏర్పడినవి వ్యక్తి పొదుపు మీద ఆధారపడని చిత్రాలకు దారి చూపడానికే. ఆ అవసరం నేటికీ తీరలేదు.

7. ముగింపు

1. నడివయసులో చలనచిత్ర రంగానికి వచ్చినవారి మొదటి వృత్తి వారి చిత్రానికి ధనబలంగానూ, దృష్టిగానూ కొనసాగుతుంది.

2. ‘తిలదానం’, ‘కేరాఫ్ కంచరపాలెం’ చిత్రాల ప్రత్యేకత మనిషి చేసే పనిని కథకు కేంద్రంగా నిలపడంలో ఉంది. పౌరోహిత్యం, అటెండర్ ఉద్యోగం, దుకాణంలో కొలువు ఇందులో పాత్రల స్వభావాన్ని నిర్ణయిస్తాయి.

3. కొత్త ప్రారంభానికి చెల్లించే వెల స్త్రీ పురుషులకు సమానం కాదు. ‘కేరాఫ్ కంచరపాలెం’ ఈ అసమానతను సూచించింది గాని పూర్తిగా పట్టుకోలేదు.

4. వ్యక్తి సంపాదన మీద నిలిచే స్వతంత్రత వర్గ పరిమితి గలది. సాహసగాథలను కీర్తించడంతో ఆగిపోకుండా, ఆ సాహసం చేయలేకపోయిన రాజులు ఎందరో అడగవలసిన బాధ్యత విమర్శది.