నొక్కి పట్టు సామీ, చూడబాక

తడలో పొద్దుటి పూట సెలూన్ కుర్చీకి గిరాకీ ఎక్కువ. సూళ్ళూరుపేట నుంచి వచ్చే చెన్నై లోకల్ అందుకోవాల్సినవాళ్ళకీ, శ్రీసిటీ కంపెనీ బస్సు ఎక్కాల్సిన కుర్రాళ్ళకీ అందరికీ ఆ గంటలోనే గడ్డం నున్నగా అయిపోవాలి. ఆ హడావిడిలో దవడ మలుపులోనో, కంఠముడి దగ్గరో, పై పెదవి మీదో బ్లేడు తగులుతుంది. తగిలినప్పుడు తెలియదు, అద్దంలో ఎర్ర చుక్క కనపడ్డాక తెలుస్తుంది. తుడిస్తే పోతుంది, మళ్ళీ వస్తుంది. గోరంత కూడా లేని గాటు, కాలరు మాత్రం కొండంత పాడు చేస్తుంది.

మా వైపు షాపుల్లో పటిక రెండు చోట్ల ఉంటుంది. గుమ్మానికి గుడ్డలో కట్టి వేలాడదీసింది దిష్టి కోసం. అద్దం ముందు, దువ్వెనల పక్కన అరిగిపోయి పడున్నది నెత్తురు కోసం. మొదటిదాని సంగతి నేను చెప్పలేను. రెండోది మాత్రం నిజంగా పని చేస్తుంది. పటిక అంటే పొటాషియం, అల్యూమినియం కలిసిన సల్ఫేట్ లవణం. బురద నీళ్ళ బిందెలో పటిక తిప్పితే మడ్డి ముద్దలు కట్టి అడుక్కి దిగుతుంది చూడండి, తడి గాటు మీద రుద్దినప్పుడు జరిగేదీ కొంచెం అలాంటిదే. అల్యూమినియం తగిలేసరికి నెత్తుట్లోని ప్రోటీన్లు గడ్డకడతాయి, చర్మం బిగుసుకుంటుంది, సన్నని రక్తనాళాల నోళ్ళు మూసుకుంటాయి. ఆ చురుక్కుమనడం అందుకే. విదేశాల్లో పెన్సిల్ ఆకారంలో పోసి, డబ్బీలో పెట్టి అమ్మే సరుకులోనూ ఉండేది పటికో, దాని చుట్టం అల్యూమినియం సల్ఫేటో.

అయితే పటిక పై పైన ఊరే నెత్తురునే ఆపగలదు. ధారగా కారుతున్నప్పుడు ఎంత రుద్దినా కరిగి కొట్టుకుపోతుంది. ఈ సంగతి డాక్టర్ల కంటే ముందు పాతకాలపు మంగలి చేతులకు తెలుసు. గాటు పడగానే రాయి వైపు పోకుండా, చల్లటి నీళ్ళలో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డ పెట్టి, బొటనవేలు దాని మీద ఆనించి, "నొక్కి పట్టు సామీ, చూడబాక" అంటాడే, ఆ మాటలో వైద్యమంతా ఉంది. చూడబాక అన్నది మరీ ముఖ్యం. మనం నిమిషానికోసారి తీసి చూస్తాం. తీసిన ప్రతిసారీ అప్పుడే అల్లుకుంటున్న గడ్డ ఊడి వస్తుంది, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

ఇంత చిన్న గాటు అంతసేపు కారడానికి కారణాలున్నాయి. ముఖం చర్మం కింద సన్నని నాళాలు దట్టంగా ఉంటాయి. వేడినీళ్ళతో ముఖం కడిగితే అవి ఇంకా విప్పారతాయి. పైగా కొత్త బ్లేడు గాటు నున్నగా ఉంటుంది. రాయి తగిలి చితికిన చోట నాళాలు నలిగి మూసుకున్నంత తొందరగా బ్లేడు కోసిన చోట మూసుకోవు. అందుకే ఐదు నుంచి పది నిమిషాలు, గడియారం చూసుకుని మరీ, వేలు తీయకుండా నొక్కాలి. ఆ తర్వాత కూడా కాస్త ఊరుతుంటే అప్పుడు పటిక. తర్వాత కొంచెం వాజిలిన్ రాసి ఆ జోలికి పోకుండా ఉంటే సరి.

ఇళ్ళల్లో చేసే వైద్యాలు వేరే. కాఫీ పొడి అద్దుతారు, పసుపు అద్దుతారు. గట్ల మీద గడ్డి చామంతి ఆకు నలిపి రసం పిండటం మా పల్లెల్లో ఇప్పటికీ ఉంది. ఆ ఆకులో గుణం ఉండొచ్చు, దాంతోపాటు గాయంలోకి చేరే మట్టిలో మాత్రం లేదు. ఇక న్యూస్‌పేపర్ ముక్క చించి అతికించడం. ఈ కాలమ్ కూడా ఎన్ని గడ్డాల మీదికి చేరిందో! ఇంకు, ఎందరో పట్టుకున్న మురికి, చివర్లో లాగినప్పుడు దాంతోపాటు ఊడే గడ్డ. దయచేసి చదివి పక్కన పెట్టండి.

ఉప్పునీళ్ళు తగిలితే పుండు మానుతుందనే మాట కూడా పులికాట్ సరస్సు ఒడ్డున వింటాం. కానీ వెచ్చని ఉప్పు కయ్యల్లో విబ్రియో జాతి సూక్ష్మజీవులుంటాయి. తెరిచిన గాయంలోంచి అవి ఒంట్లోకి పోగలవు. షుగరు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకు అది ప్రాణం మీదికి తెస్తుంది. పచ్చి గాటుతో సరస్సులోకి దిగకపోవడమే మేలు.

క్షవరం చేసే చేతికీ వైద్యానికీ పాత బంధుత్వం ఉంది. మన నాయీబ్రాహ్మణులు ధన్వంతరిని తమవాడిగా చెప్పుకుంటారు. ఊళ్ళో కురుపులు కోసి కట్టు కట్టింది వాళ్ళే, వాళ్ళ ఆడవాళ్ళు కాన్పులు చేశారు. పదహారో శతాబ్దపు ఫ్రాన్సులో కాళ్ళూ చేతులూ తీసేసినప్పుడు ఎర్రగా కాల్చిన ఇనుము పెట్టే పద్ధతి మానేసి, రక్తనాళాన్ని దారంతో కట్టమన్న ఆంబ్రోయిజ్ పారే కూడా మంగలి శిక్షణలోంచి వచ్చినవాడే.

అంత చరిత్ర ఉన్న వృత్తిలో నాకు నచ్చనిది ఒకటుంది. ఆ అద్దం ముందరి పటిక. పొద్దుట్నించి ఎన్ని గాట్ల మీద తిరిగిందో దానికే తెలియాలి. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. పటికకు క్రిములను కొంత అణిచే గుణం ఉన్నా, ఆ వైరస్‌ను చంపుతుందని నమ్ముకోకూడదు. బ్లేడు విషయంలో మనం మారాం. ఇవాళ చాలా షాపుల్లో కొత్త బ్లేడు మన కళ్ళముందే విప్పుతారు, తిరుమల కల్యాణకట్టలోనూ ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి వాడరు. బ్లేడు మార్చి, అదే రాయిని పది గడ్డాలకు రుద్దితే ఏం లాభం?

ఇంకో సంగతి. గుండె కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వేసుకునేవాళ్ళకు నెత్తురు ఆలస్యంగా ఆగుతుంది. కత్తి పట్టకముందే ఆ మాట చెప్పండి. కాలరు పాడైందని మాత్ర మాత్రం మీ అంతట మీరు మానొద్దు, డాక్టర్ని అడగండి. వదలకుండా పావుగంట నొక్కినా కారుతూనే ఉంటే, చిగుళ్ళలోంచీ వస్తుంటే, ఒంటి మీద ఊరికే కమిలిన మచ్చలు కనపడుతుంటే అది గడ్డం గాటు సంగతి కాదు, ఆస్పత్రికి పొండి.

మిగతా అందరికీ ఒకటే విన్నపం. పచారీ కొట్లో చిన్న పటిక ముక్క కొని, పొడిగా ఉండే డబ్బీలో వేసి, షాపుకి వెళ్ళేటప్పుడు జేబులో పెట్టుకోండి. అవసరమైతే "నాది వాడన్నా" అని చేతికివ్వండి. అతనేమీ అనుకోడు.