@ గుర్తును దిద్దే చేతులు

ఖమ్మంలో ఐటీ హబ్ 2020లోనే తెరుచుకుంది కానీ, పాత జావా కోడ్‌ను దిద్దేవాళ్ల పనితనం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. జేయూనిట్ 4లో రాసిన పరీక్షల్ని జేయూనిట్ 5కి మార్చమంటే ఓపెన్‌రీరైట్ అనే పనిముట్టు ఫైలు ఫైలునా @బిఫోర్ అనే అనోటేషన్‌ను @బిఫోర్‌ఈచ్ చేస్తుంది. ఎక్కడో ఒకటి మాత్రం మారదు, ఎర్రరూ రాదు. చేయి తిరిగినవాళ్లు దాన్ని చేత్తో దిద్దేసి ఊరుకోరు. డ్రై రన్ నడిపి, ప్యాచ్‌ను వరసవరసా చదువుతారు. చాలాసార్లు కారణం, క్లాస్‌పాత్‌లో ఒక జార్ ఫైలు లేకపోవడమే. పనిముట్టుకు అనోటేషన్ పేరు కనిపిస్తుంది గానీ దాని ఊరు, అంటే అది ఏ ప్యాకేజీదో, తెలియదు. తెలియనిదాన్ని ముట్టుకోదు, మంచి బుద్ధే! జార్ చేర్చి మళ్లీ నడిపితే, పక్కనున్న కామెంట్లూ ఖాళీలూ చెదరకుండా ఆ గుర్తు మారుతుంది. భద్రాచలం, ఖమ్మం కాలేజీల్లో జావా చెప్పే మాస్టార్లూ, కొత్త కోడ్ రాయడంతోపాటు ఈ విద్య కూడా నేర్పండి.