కొత్త కన్సోల్, పాత కొలమానం: బాస్కెట్‌బాల్ వీడియో గేమ్ గుణనిర్ణయం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

బాస్కెట్‌బాల్ వీడియో గేమ్ బాగోగులను నిర్ణయించేటప్పుడు సమీక్షకులు సాధారణంగా దానిని టీవీ ప్రసారంతో పోల్చి చూస్తారు. ఆ ప్రసారాన్ని చూడకుండా, గేమ్ ద్వారానే బాస్కెట్‌బాల్‌ను తెలుసుకొన్న ఆటగాడి విషయంలో ఈ కొలమానం చాలదు. 2013లోనూ 2020లోనూ కొత్త కన్సోళ్లతోపాటు వెలువడిన ఎన్.బి.ఏ. గేమ్‌లను ఆధారంగా చేసుకొని, మల్కాజిగిరి, ఉప్పల్, నాచారం ప్రాంతాల ఆటగాడి దృష్టి నుంచి గుణనిర్ణయం ఎలా చేయవచ్చునో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్ విమర్శ, బాస్కెట్‌బాల్, అనుకరణ, ఔచిత్యం, పాఠపరిష్కరణ, నాచారం.

1. ప్రవేశిక

ఉప్పల్‌లో పెరిగే పిల్లవాడికి క్రికెట్ గురించి ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియంలో మ్యాచ్ ఉన్నదంటే ఆ సంగతి చుట్టుపక్కల రోడ్లే చెబుతాయి. బాస్కెట్‌బాల్ పరిస్థితి అది కాదు. కొన్ని పాఠశాలల్లో, కళాశాలల్లో సిమెంటు కోర్టు ఉంటుంది. దాని మీద ఆడేవారు కొద్దిమంది. అమెరికాలో రాత్రివేళ జరిగే ఎన్.బి.ఏ. పోటీలు మనకు తెల్లవారుజామున, కాలేజీ బస్సు కోసం పరుగెత్తే వేళకు వస్తాయి. వాటిని చూసేవారు ఇంకా తక్కువ.

నాచారంలో గంటకింత అని తీసుకొని ఆడించే ఒక గేమింగ్ సెంటర్‌లో ఇంటర్మీడియట్ విద్యార్థులు కొందరు బాస్కెట్‌బాల్ గేమ్ ఆడుతుండగా ఈ వ్యాసకర్త గమనించడం జరిగింది. ‘పిక్ అండ్ రోల్’ అంటే ఏమిటో, దానిని ఎప్పుడు వాడాలో వాళ్లకు తెలుసు. ఎక్కడ నేర్చుకొన్నారని అడిగితే ఆశ్చర్యపోయి తెర వైపు చూపించారు. ఇంగ్లీషు వ్యాఖ్యానాన్ని ఆపేసి, సగం తెలుగు, సగం హైదరాబాదీ హిందీలో తామే వ్యాఖ్యానం చెప్పుకొంటున్నారు. ఈ గేమ్‌ల సమీక్షల్లో కెవిన్ హార్లన్ వ్యాఖ్యానానికి దక్కే ప్రశంసకు ఆ గదిలో చోటు లేదు. అట్లయితే ఆ గదిలో ఆ గేమ్ గుణాన్ని దేనితో కొలవాలి? ఈ వ్యాసానికి ప్రేరణ ఈ ప్రశ్నే.

2. అనుకరణ ఎవరికి ప్రమాణం?

క్రీడా గేమ్‌ల సమీక్షలో తరచు వినిపించే మాట వాస్తవికత. ఈ మాట వెనుక ఒక ప్రేక్షకుడు దాగి ఉన్నాడు. లెబ్రాన్ జేమ్స్ నడకను అతడు టీవీలో వందలసార్లు చూశాడు. తెర మీది బొమ్మ ఆ నడకను పోలి ఉన్నదా అన్నది అతడి ప్రశ్న. మూలం తెలిసిన పండితుడు అనువాదాన్ని పరీక్షించే పద్ధతి ఇది. మూలం తెలియని పాఠకుడికి అనువాదమే మూలం కనుక అతడి పరీక్ష వేరుగా ఉండక తప్పదు.

మనకు పరిచితమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో ఎన్.టి. రామారావు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు – మూడు పాత్రలూ ధరించారు. (ఆయన పేరుతో ముడివడిన రామకృష్ణ స్టూడియో ఒకటి నాచారంలోనే ఉండేదన్న సంగతి ఇక్కడ గుర్తు రాక మానదు.) ఆ దుర్యోధనుడు అసలు దుర్యోధనుడిలా ఉన్నాడా అని ఏ ప్రేక్షకుడూ అడగలేదు. ఆ మాట, ఆ నడక, ఆ అభిమానం ఒకదానితో ఒకటి పొసిగాయా అని మాత్రమే చూశారు. నాచారం విద్యార్థికీ బాస్కెట్‌బాల్ గేమ్‌కూ ఉన్న సంబంధం ఇటువంటిదే. అతడికి కావలసినది పోలిక కాదు, పొందిక. కోర్టు మీద తాను తీసుకొన్న నిర్ణయానికి బాస్కెట్‌బాల్ తర్కం ప్రకారం ఫలితం రావాలి.

ఈ రెండు కొలమానాలు ఇచ్చే తీర్పులు ఎక్కడ వేరుపడతాయో 2013 నవంబరులో చూడవచ్చు. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ ఆ నెలలోనే విడుదలయ్యాయి. వాటితోపాటు ఒకే లీగ్‌ను, అవే జట్లను చిత్రించే రెండు గేమ్‌లు వచ్చాయి: టూకే స్పోర్ట్స్ వారి ఎన్.బి.ఏ. 2కే14, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారి ఎన్.బి.ఏ. లైవ్ 14. రెండవ సంస్థకు ఇది పునరాగమనం. 2010లో ఎన్.బి.ఏ. ఎలీట్ 11 నమూనాలో ఆండ్రూ బైనమ్ బొమ్మ చేతులు చాచి కోర్టు నడుమ కదలకుండా నిలబడిపోవడం నవ్వులపాలై, ఆ గేమ్ విడుదలే ఆగిపోయింది. 2012లో మరొకటి రద్దయింది.

లైవ్ 14 కూడా విమర్శకుల చేతిలో దెబ్బతిన్నది. ముఖాలు పోలికలేకుండా ఉన్నాయని, కొత్త యంత్రానికి తగిన దృశ్యశోభ లేదని అన్నారు. నిర్మాణ బాధ్యులు ఆటగాళ్లకు బహిరంగ లేఖ రాసి మెరుగుపరుస్తామని మాట ఇవ్వవలసివచ్చింది. తీర్పు సరైనదే, చూపిన కారణమే పైపైది. బంతి చేతికి అతికినట్లు కాక భౌతికసూత్రాల ప్రకారం నేలను తాకి ఎగరాలన్నది ఆ గేమ్ నిర్మాతల సంకల్పం. బాస్కెట్‌బాల్ నేర్చుకొనేవాడికి ముఖాల పోలిక కన్నా అదే విలువైనది. అయితే బంతిని పట్టిన శరీరాలు బిగుసుకుపోయి ఉండటంతో ఆటగాడు ఇచ్చిన ఆజ్ఞకూ తెర మీద జరిగిన కదలికకూ పొంతన కుదరలేదు. తప్పు తనదో యంత్రానిదో తెలియనిచోట ఆటగాడు ఏమీ నేర్చుకోలేడు. లైవ్ 14 నిజమైన లోపం ఇది.

2కే14 చెమట బిందువులకు, జెర్సీ ముడతలకు మెప్పు పొందింది. ఆటగాడు గట్టిగా తిడితే మైకు ద్వారా విని ‘టెక్నికల్ ఫౌల్’ ఇచ్చే ఏర్పాటు కూడా అందులో ఉన్నది. మన తిట్లు దానికి అందేవి కావనే అనుకోవాలి.

3. పాదం, అలసట

ఎన్.బి.ఏ. 2కే21 2020 సెప్టెంబరులో పాత కన్సోళ్లకు, నవంబరులో కొత్త కన్సోళ్లకు వచ్చింది. అమెరికాలో పాత యంత్రానికి 59.99 డాలర్లు, కొత్తదానికి 69.99. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న విడుదలైంది, డిస్క్ నమూనా ధర 49,990 రూపాయలు. ఒకే పేరుతో రెండు తరాల యంత్రాల మీద ఉన్నందున, కొత్త యంత్రం ఆటకు ఏమి చేర్చిందో తేల్చడానికి ఈ గేమ్ అనుకూలమైన ఆధారం.

సమీక్షలన్నీ కాంతి, చర్మం, ప్రేక్షకుల గ్యాలరీ గురించి రాశాయి. ఈ వ్యాసకర్త దృష్టిలో మేలిమి మార్పులు రెండు. మొదటిది పాదం. పాత యంత్రాల మీద ఆటగాళ్లు నేల మీద కాస్త జారుతున్నట్లు కదిలేవారు. ఇది కంటికి చిన్న లోపం. బాస్కెట్‌బాల్ తర్కంలో పెద్ద అబద్ధం. మూడు పాయింట్ల గీత దగ్గర నిలిచిన షూటర్ మీదికి రక్షకుడు వేగంగా దూసుకువస్తే, తన వేగమే తనకు శత్రువవుతుంది. షూటర్ పక్కకు ఒక అడుగు వేస్తే చాలు, అతడు ఆగలేడు. జారే పాదం ఈ సూత్రాన్ని రద్దు చేస్తుంది, ఎందుకంటే జారేవాడు ఎటైనా తిరగగలడు. కొత్త యంత్రం మీద పాదం నేలలో నాటుకొంటుంది. దిశ మార్చడానికి కాలం ఖర్చవుతుంది. 24 సెకన్లలో బంతి వేయవలసిన ఆటలో ఆ అరసెకను విలువ ఏమిటో విద్యార్థి వేలికొసలకు తెలుస్తుంది.

రెండవది అలసట. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్‌లో పరుగు తీయించే ట్రిగ్గర్ బటన్, ఆటగాడు అలసినకొద్దీ వేలికి గట్టిగా అడ్డుతగులుతుంది. టీవీ ప్రసారంలో దీనికి సమానమైనది ఏదీ లేదు. కనుక ఇది అనుకరణ కానే కాదు. ఐనా ఇది చెప్పేది బాస్కెట్‌బాల్ సత్యమే: అదేపనిగా పరుగెత్తించకు, ఆగు, బంతిని పక్కవాడికి ఇయ్యి. 11వ శతాబ్దపు క్షేమేంద్రుడు అలంకారం ఉచితస్థానంలో ఉంటేనే అలంకారమన్నాడు. నుదుటి మీది చెమట బిందువు ఇక్కడ అలంకారమాత్రం. ట్రిగ్గర్‌లోని బరువు ఆట అంగాలన్నిటితో కలిసి పనిచేస్తున్నది కాబట్టి ఔచిత్యం గలది.

ఒక పరిమితి చెప్పుకోవాలి. ఎన్.బి.ఏ. కొలతలు మన కళాశాల కోర్టు కొలతలు కావు. అక్కడ మూడు పాయింట్ల గీత ఎదుట నుంచి 7.24 మీటర్ల దూరం, అంతర్జాతీయ నియమాల్లో 6.75. గేమ్‌లో నేర్చిన దూరాలు కోర్టులో సరిపోవు. నేర్చిన క్రమం మాత్రం సరిపోతుంది.

4. కొనుక్కొన్న నైపుణ్యం

ఇదే గేమ్‌లో ఇంకొక సగం ఉన్నది. ఆటగాడు తన సొంత క్రీడాకారుణ్ణి సృష్టించుకొని, ‘సిటీ’ అనే ఆన్‌లైన్ నగరంలో ఇతరులతో తలపడతాడు. ఆ క్రీడాకారుడి సామర్థ్యం 60 దగ్గర మొదలవుతుంది. దాన్ని పెంచడానికి వర్చువల్ కరెన్సీ కావాలి. ఆడి కొద్దికొద్దిగా సంపాదించవచ్చు, డబ్బిచ్చి ఒక్కసారే కొనుక్కోవచ్చు. పూర్తి ధర పెట్టి కొన్న గేమ్‌లోనే 2020 అక్టోబరులో, దాటవేయడానికి వీలులేని వాణిజ్య ప్రకటన మ్యాచ్‌కు ముందు కనిపించింది. నిరసన వచ్చాక సంస్థ క్షమాపణ చెప్పింది.

ధర వర్తకానికి సంబంధించినది, విమర్శకుడికి దానితో పనేమిటని కొందరు అడగవచ్చు. పుస్తకం వెల చూసి కావ్యగుణం నిర్ణయించం కదా అన్నది వారి వాదం. వెల బయట ఉన్నంతవరకు ఆ వాదం నిలుస్తుంది. ఇక్కడ వెల ఆట లోపలికి వచ్చింది. ఇద్దరు ఒకే చోట నిలిచి, ఒకే క్షణంలో బటన్ వదిలితే ఒకడి బంతి వలలో పడుతుంది, మరొకడిది రింగు తాకి పోతుంది. రెండవవాడు చేసిన తప్పేమీ లేదు, కొనలేదంతే. లైవ్ 14లో యానిమేషన్ లోపం వల్ల తెగిన నిర్ణయ–ఫలిత సంబంధాన్ని ఇక్కడ నిర్మాతలు తెలిసి తెంచారు. అందుచేత ఇది గుణదోషమే.

ఆటగాళ్ల కార్డులను అదృష్టం మీద వదిలే ప్యాక్‌ల సంగతి ఇంకొకటి. బెల్జియం నియంత్రణ సంస్థ 2018లో ఇటువంటివి జూదమని తేల్చాక, అక్కడ ఎన్.బి.ఏ. 2కేలో డబ్బుతో ప్యాక్‌లు కొనే వీలు తీసేశారు. తెలంగాణ 2017లో చట్టం సవరించి ఆన్‌లైన్ రమ్మీ పందేలను నిషేధించింది. పందెంలో గెలిచినవాడి చేతికి కనీసం డబ్బు వస్తుంది. ప్యాక్‌లో వచ్చేది మరుసటి ఏటికి పనికిరాని బొమ్మ.

గంటకింత చెల్లించి ఆడే విద్యార్థికి ఈ సగం ఎలాగూ అందదు. తనకంటూ ఖాతా, కన్సోల్ లేనివాడు సృష్టించుకొన్న క్రీడాకారుణ్ణి ఎక్కడ దాచుకొంటాడు? కొత్త యంత్రం మీద తొలిసారిగా మహిళా క్రీడాకారిణిని సృష్టించుకొని డబ్ల్యూ.ఎన్.బి.ఏ.లో ఆడించే వీలు వచ్చింది, అది మెచ్చదగినది. ఐతే ఆమెను ‘సిటీ’ వీధుల్లోకి తీసుకుపోవడానికి వీలు కల్పించలేదు.

5. పాఠం ఏది?

గుణనిర్ణయానికి ముందు పాఠనిర్ణయం జరగాలన్నది మన పరిశోధన సంప్రదాయం. 2కే21 సెప్టెంబరులో విడుదలైనప్పుడు షూటింగ్ మరీ కష్టంగా ఉందని ఆటగాళ్లు గగ్గోలు పెట్టగా, కొద్దిరోజుల్లోనే అప్‌డేట్‌తో దాన్ని మార్చారు. విడుదలనాటి సమీక్ష ఒక పాఠాన్ని గురించినది, పాఠకుడు ఆడేది మరొక పాఠం. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల ప్రతులు సేకరించి పాఠాలు పోల్చగలిగాడంటే ఆ ప్రతులు మిగిలి ఉండటం వల్లనే. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని వెలికితీసి ప్రచురించగలిగారంటే తాటాకు శతాబ్దాలపాటు ఓర్చుకొన్నది.

ఇక్కడ ప్రతి మిగలదు. 2015 మార్చి 31న 2కే14 సర్వర్లు మూసివేయగానే ఎందరో తాము పెంచుకొన్న క్రీడాకారుణ్ణి కోల్పోయారు. ఫిర్యాదులు వెల్లువెత్తాక కొంతకాలం తెరిచారు. 2కే21 సర్వర్లు 2022 డిసెంబరు 31న మూతపడ్డాయి. మన దేశంలో ప్లేస్టేషన్ 5 దొరకడం మొదలైన రెండేళ్లు నిండకముందే ‘సిటీ’ కనుమరుగైంది. అందులో పెట్టిన డబ్బూ దానితోపాటే పోయింది.

నాచారం గదిలో అదే గేమ్ డిస్క్ ఇప్పటికీ తిరుగుతున్నది. ఇద్దరు పక్కపక్కన కూర్చొని, ఇంటర్నెట్ అక్కరలేకుండా, చెరొక జట్టు ఎంచుకొని ఆడతారు. డబ్బు జోక్యం లేని సగం అది. నాటుకొనే పాదం, బరువెక్కే ట్రిగ్గర్ ఆ సగంలో చెక్కుచెదరక ఉన్నాయి. ఈ వ్యాసకర్త మెచ్చుకోలు ఆ సగం వరకే. రెండు సగాలకూ కలిపి ఒకే అంకె వేసిన సమీక్షల్లో ఈ తేడా కనిపించదు.