ఒకే పలక, అనేక రంగులు

ఫిల్మ్‌నగర్‌లో ప్రకృతి రెండు రకాలు. ఒకటి, తెర మీద గీసి పాత్రల వెనక నిలబెట్టేది. రెండోది, ఇళ్ళకోసం పగలగొట్టగా మిగిలిన, దాదాపు 250 కోట్ల ఏళ్ళ బండ. మన ప్రకృతి కవిత్వంలో ఎక్కువ భాగం మొదటి రకానిదే.

చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టి 2018లో మరణించిన కృష్ణారెడ్డి ముద్రణ చిత్రాలు ఈ లోపాన్ని పట్టి చూపుతాయి. శాంతినికేతన్‌లో చదివిన ఆయన, పారిస్‌లో హేటర్ నడిపిన 'అటెలియర్ 17'లో తోటి కళాకారులతో కలిసి ఒక పద్ధతిని పెంపొందించారు. లోహపు పలకను వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. నూనె ఎక్కువ కలిపిన పలచని రంగును గట్టి రోలరుతో పైతలానికీ, చిక్కని రంగును మెత్తని రోలరుతో లోతులకూ పట్టిస్తారు. చిక్కదనంలోని తేడా వల్ల ఒక రంగు మరొకదాన్ని మింగదు. అన్నీ ఒక్క అచ్చులో కాగితం మీదికొస్తాయి.

1963 నాటి 'వర్ల్‌పూల్'లో ఆయన సుడిని ఒడ్డున నిలబడి వర్ణించలేదు, లోహంలోకి తొలిచారు. 1968 పారిస్ విద్యార్థుల తిరుగుబాటు చూసి అదే చేత్తో 'డెమాన్‌స్ట్రేటర్స్' చెక్కారు. దీన్ని రూపవాదమని తోసేయడం తొందరపాటు. అయితే ఒక పరిమితి ఉంది: ఆ సుడికి ఊరు లేదు. ఆ నీళ్ళు ఎవరికి అందుతాయన్న ప్రశ్న పలక మీద లేదు.

అది మన పని. బండ గురించి రాసే కవి దాని వయసునూ, దాన్ని కొట్టే వడ్డెర చేతినీ, ఒకటి మరొకదాన్ని మింగకుండా, ఒకే పద్యంలో అచ్చువేయగలగాలి.